పక్క గడి

“మీ సైటు నా ఫోన్‌లో పక్కకి జారిపోతోందండీ.”

ఉద్యోగంలో చేరడానికొచ్చిన కొత్తమ్మాయి ఆ వెబ్‌సైట్ల ఆఫీసులో నోరు విప్పి అన్న మొదటి మాట అది. బయట వాన. గొడుగు ఇంకా మడవనేలేదు, నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. అయినా సరే, ఫోన్ తీసి మనవాడి ముక్కు ముందు పెట్టేసింది.

మనవాడు తలెత్తలేదు. “ఫోన్ మార్చండి.”

“నాదంటే మారుస్తాను. చూసేవాళ్ళందరి ఫోన్లూ మీరు మార్పిస్తారా?”

అప్పుడు తలెత్తాడు. ఎత్తకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆమె కనుబొమ్మ చివర ఒక చినుకు ఆగి, రాలాలా వద్దా అని ఆలోచిస్తోంది. దాన్నే చూస్తూ, చెప్పాల్సిన జవాబు కాస్తా మర్చిపోయాడు.

ఆఫీసులో అతన్ని గడులబాబు అంటారు. ఏ వెబ్‌సైట్ చేతికిచ్చినా ముందు తెర మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీసి గడులు కట్టేస్తాడు. బొమ్మలైనా మాటలైనా బుద్ధిగా వెళ్ళి ఆ గడుల్లో కూర్చోవలసిందే. పనిలో వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా మనిషితోనే. పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు.

పాపం, అలవాటు తప్పిపోయింది. అక్క పెళ్ళయి వెళ్ళాక అద్దె గదిలో ఒక్కడే మిగిలాడు. మొదట్లో రెండో కుర్చీ ఖాళీగా కనబడితే ప్రాణం ఉసూరుమనేది. అందుకని దాని మీద ఉతికిన బట్టలు పడేశాడు. మంచంలో సగం పుస్తకాలకి ఇచ్చేశాడు. మెల్లగా గదంతా నిండిపోయి, ఖాళీ అన్నది కంటికి కనపడకుండా పోయింది. అక్క మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న.

“ఒక్కడివే ఉంటే తోస్తోందట్రా?”

“చేతినిండా పనుంది కదక్కా. తోచకపోవడానికి తీరికేదీ?”

శుద్ధ అబద్ధం. ఆదివారం మధ్యాహ్నం పక్కింటి వాళ్ళ నవ్వులు వినబడితే లేచి వెళ్ళి కిటికీ మూసేసేవాడు.

అలాంటివాణ్ణీ, ఈ వానలో తడిసొచ్చిన అమ్మాయినీ కలిపి పెద్దాయన ఒకే పనిలో పడేశాడు. పెద్దాయనంటే ఆ ఆఫీసు యజమాని. దిక్కులేని కుక్కలకి ఇళ్ళు వెతికిపెట్టే ఒక ఆంటీకి వెబ్‌సైట్ కావాలి. కుక్కకో కార్డు, కార్డులో ఫోటో, పేరు, దాని గుణగణాలు రెండు ముక్కల్లో. పెద్ద తెర మీద వరసకి నాలుగు కార్డులు, ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి.

“రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చుకుందాం,” అంది కొత్తమ్మాయి. “కాలమ్స్, బటన్లు, మెనూ అన్నీ వాళ్ళే కుట్టి ఇస్తారు. మనం తొడుక్కోవడమే.”

“అందరూ తొడుక్కున్న చొక్కానే కదా. పైగా మనకి కావలసింది ఒక జేబు, దానికోసం కోటంతా మొయ్యాలి.”

“అబ్బో, మీకు మాటలు కూడా వచ్చే!”

మనవాడి చెవులు ఎర్రబడ్డాయి. “పేజీకి గ్రిడ్ చాలు, అదే నా గడులు. మెనూలాంటి ఒంటి వరస సర్దడానికి ఫ్లెక్స్ అని ఇంకో పద్ధతుంది. కోడంతా చేత్తో రాసేస్తా.”

“రాయండి. ఏ తెరతో మొదలుపెడతారు?”

“పెద్దదాంతో. తర్వాత ఫోన్‌కి కుదిస్తా. ఇమడనివి దాచేస్తా.”

“అదీ సంగతి! అందుకే నా ఫోన్‌లో జారిపోయింది. ముందు చిన్న తెరకి రాయాలండీ. అందులో అన్నీ పట్టవు కాబట్టి, ఏది లేకపోతే కుదరదో అదొక్కటే మిగులుతుంది. చోటు పెరిగేకొద్దీ మిగతావి చేర్చుకోవచ్చు.”

ఇద్దరూ చెరో మెట్టు దిగారు. ఆమె ఫ్రేమ్‌వర్క్ వదులుకుంది, అతను చిన్న తెరతో మొదలుపెట్టాడు. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో మనవాడికి తెలియలేదు. ఆమె బ్రౌజర్ అంచు పట్టుకుని నెమ్మదిగా ఇరుకు చేస్తుంది, అతను ఊపిరి బిగబట్టి చూస్తాడు, ఎక్కడో ఒకచోట వరస చెదురుతుంది. “ఇదిగో, ఇక్కడ దొరికాడు దొంగ!” అని ఆమె అరుస్తుంది. ఆ అరుపు కోసం అతను ఆఫీసుకి పెందలాడే రావడం మొదలుపెట్టాడు. అక్క ఫోన్ చేసి తోస్తోందా అంటే, ఆ వారం మాత్రం నిజమే చెప్పాడు. తోస్తోందక్కా అన్నాడు.

అంతా సవ్యంగా ఉంటే కథెక్కడిదీ? ఒక్క మాట దగ్గర చెడింది.

వరసకి ఎన్ని కార్డులు పడతాయో గ్రిడ్‌నే చూసుకోమని చెప్పడానికి రెండు మాటలున్నాయి. ఆటో-ఫిట్, ఆటో-ఫిల్. వరస నిండా కార్డులుంటే రెండిటికీ తేడా తెలియదు. తక్కువైనప్పుడే బయటపడుతుంది. ఆటో-ఫిట్ అంటే, ఉన్న కార్డులే సాగి వరసంతా నింపేస్తాయి. ఆటో-ఫిల్ అంటే, రానివాళ్ళ గడులు కూడా అలాగే ఖాళీగా ఉంటాయి.

మనవాడు ఆటో-ఫిట్ రాశాడు.

“ఫిల్ పెట్టండి,” అందామె.

“ఖాళీలు బాగుండవు.”

“ఖాళీ కాదండీ అది, చోటు.” తర్వాత నలుగురూ వినేలా నవ్వుతూ అంది, “ఆటో-ఫిట్‌ది ఒంటిగాడి కాపురం. పక్కన ఎవరూ లేరని తెలియగానే కాళ్ళు బారజాపుకుని గదంతా తనదే చేసుకుంటాడు. రేపెవరైనా వస్తే పాపం ఎక్కడ కూర్చుంటారు?”

అందరూ ఘొల్లుమన్నారు. మనవాడికి మాత్రం రెండో కుర్చీ మీది బట్టలు కళ్ళముందు కదిలాయి. నా గది ఈవిడకెవరు చూపించారు? ఒంటరితనం మొహం మీదే రాసుందా? ఆ సిగ్గులో ఆటో-ఫిట్‌తోనే సైటు పంపేశాడు. అప్పటికి బోలెడు కుక్కలున్నాయి, వరసలన్నీ నిండుగా ఉన్నాయి. తేడా ఎవరికీ కనబడలేదు.

ఆ మర్నాటి నుంచి మాటలు బంద్. ఆమె పక్క సీట్లోంచి ఏదడిగినా “ఊఁ”, “అలాగే”, “చూస్తా”. భోజనం వేళ ఆమె డబ్బా పట్టుకుని వచ్చేసరికి ఇతను లేచి వెళ్ళిపోయేవాడు. నాలుగు రోజులు చూసి ఆమె కూడా పిలవడం మానేసింది. పొగరనుకుని ఉంటుంది. ఇతనికి మళ్ళీ తోచడం మానేసింది. ఈసారి ఆదివారమే కాదు, అన్ని వారాలూ.

అలా కొంతకాలం గడిచాక, మళ్ళీ వాన పడుతున్న ఒక పొద్దున్న, ఆమె తనంతట తానే అతని వైపు కుర్చీ తిప్పింది.

“నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం దాకా టైముంది.”

“కంగ్రాట్స్,” అన్నాడు మనవాడు. ఘనుడు!

ఆమె ఒక్క క్షణం చూసి కుర్చీ వెనక్కి తిప్పేసుకుంది. అతనికి కీబోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. వెళ్ళిపోతుంది. ఆ సీట్లో ఇంకెవరో కూర్చుంటారు, లేదా ఏ పాత ప్రింటరో పెడతారు. నోరు తెరవాలంటే ఈ పూటే తెరవాలి. తెలుసు. తెలిసీ మధ్యాహ్నం దాకా ఒక్క అక్షరం పెగల్లేదు.

అప్పుడు కుక్కల ఆంటీ ఫోన్ చేసింది. పెద్దాయన స్పీకర్ నొక్కాడు.

“ఏవండీ, మా ముసలోడు గోడంత అయిపోయాడండీ! వాడి ముక్కే నా మొహమంత ఉంది!”

సైటు తెరిచారు. కుక్కలన్నిటికీ ఇళ్ళు దొరికాయి. ఒక్కటి మిగిలింది, చెవి చిరిగిన ముసలిది. పక్కన ఎవరూ లేకపోయేసరికి ఆ ఒక్క కార్డే తెర ఈ చివర్నుంచి ఆ చివరి దాకా సాగిపోయింది. ఫోటో మసకబారి, రెండు కళ్ళు మాత్రం ఇంతింత అయి, ఇటే చూస్తున్నాయి. ఆఫీసంతా పడీ పడీ నవ్వారు. కొత్తమ్మాయి నవ్వలేదు. తన సీట్లోంచి లేచి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది.

“మార్చండి.”

అతను ఫిట్ చెరిపి ఫిల్ అని కొట్టాడు. ముసలోడు టక్కున తన కొలతకి వచ్చి, ఎడమ చివర గడిలో ఒదిగి కూర్చున్నాడు. పక్కన మూడు గడుల మేర తెల్లటి చోటు. చిత్రంగా, ఇప్పుడే వాడు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టున్నాడు.

“మీరన్నదే రైటు,” అన్నాడు మనవాడు తెర వైపే చూస్తూ. “ఆ రోజు ఒప్పుకోలేదు. ఎందుకంటే, మీరు ఒంటిగాడి కాపురం అన్నారు చూడండి, అది నా గురించే అనుకున్నా. మా గదీ అలాగే ఉంటుంది. కుర్చీ మీద బట్టలు, మంచం మీద పుస్తకాలు. అంటే మీరు కావాలని అన్నారని కాదు, మీకెలా తెలుస్తుంది, కానీ నేనేమనుకున్నానంటే, అసలు అక్క పెళ్ళయినప్పటి నుంచీ...”

“అయ్యో! మీరొక్కరే ఉంటారని నాకేం తెలుసు? నోరు తెరిచి చెప్తే కదా!”

“ఇప్పుడు చెప్తున్నా కదండీ. విషయమేంటంటే, ఈ ఆఫీసులో చేరినప్పుడు నేను...”

“గడులబాబుగారూ.” ఆమె గొంతు మెత్తబడింది. “ఇది పెద్ద తెర వెర్షన్. ముందు చిన్న తెరకి రాయాలని చెప్పానా లేదా? ఏది లేకపోతే కుదరదో అదొక్కటే చెప్పండి.”

అతను కుర్చీ తిప్పాడు. వాన చప్పుడు వినబడుతోంది. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

“మీరు లేకపోతే నాకు తోచదు.”

ఆమె కిటికీ వైపు చూసి, నేల వైపు చూసి, చివరికి అతని వైపు చూసింది.

“మా హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. కాలు పెట్టే చోటుండదు,” అంది. “అయినా మీరు మాట్లాడ్డం మానేసినప్పటి నుంచీ నాకూ తోచట్లేదు.”

“మరి ఆ ఉద్యోగం? సాయంత్రంలోగా జవాబు చెప్పాలేమో?”

“రానని పొద్దున్నే చెప్పేశాను. ఇక్కడి పని నాకు నచ్చింది.”

“మరి సాయంత్రం దాకా టైమన్నారు!”

“నాకు కాదు మహానుభావా. మీకు.”

మనవాడు తెల్లమొహం వేశాడు. అప్పుడు నవ్విందామె. ఇన్నాళ్ళ నవ్వూ దాచిపెట్టుకున్నట్టు నవ్వింది. ఆదివారం ముసలోడిని చూసొద్దామని, అట్నుంచి అతని గదిలో టీ తాగుదామని తనే తేల్చేసింది.

ఆ సాయంత్రం గదిలో ఉండగా అక్క ఫోన్ చేసింది.

“ఏం చేస్తున్నావురా?”

“కుర్చీ మీద బట్టలు తీస్తున్నా.”

“ఇన్నేళ్ళుగా చెప్తున్నా తీయనివాడివి, ఇవాళేంటి కొత్తగా?”

“ఎవరైనా వస్తే కూర్చోవద్దూ?”

అటువైపు అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “ఆ ఎవరైనాని నాకూ చూపించరా,” అంది. “నేనొచ్చినప్పుడు మూడో కుర్చీ నేనే తెచ్చుకుంటాలే.”

ఫోన్ పెట్టేసి వంటగట్టు మీద చూశాడు. టీ కప్పు ఒకటే ఉంది. చెప్పులేసుకుని రెండోది కొనడానికి బయల్దేరాడు.