మోత కింది మాట

శుక్రవారం సెలవుకు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగగానే రాజమౌళి, కళ మేడమీది గదిలో కూర్చుని ఒక రికార్డు వినేవారు. కళ పోయాక ఆ అలవాటూ పోయింది.

శాంతి నగర్‌లోని ఆ ఇంట్లో కింద సాంచెలు, పైన కాపురం. సాంచెలు ఆడుతున్నంతసేపూ నేల అదురుతుంది. రికార్డు మీద ముల్లు నిలవదు. అయినా జ్వరంతో పడుకున్న కళ, ఒక పనిరోజున, ముల్లు ఎగిరితే ఎగరనీ, పాట పెట్టి వెళ్ళమని అడిగింది. అతను పెట్టి కిందికి దిగాడు. మధ్యాహ్నం పైకి వచ్చేసరికి రికార్డు ఊరికే తిరుగుతోంది. ఆమెలో ఊపిరి లేదు.

పిలిచిందా? పిలిచినా, ఆ మోతలో వినిపించేది కాదు. ఆ ఒక్క ప్రశ్న అతనికి మిగిలిపోయింది.

ఏడాది తరువాత, కూతురు శ్రద్ధ ఎప్పుడో కొనిచ్చిన ఆ చిన్న పెట్టె ప్లేయర్‌ను తుడిచి, అదే రికార్డు పెట్టాడు. పాట అడుగున ఏదో గుసగుస. ముల్లు అరిగిందనుకుని కొత్తది వేయించాడు. గుసగుస గొంతయింది, మాట మాత్రం తేలలేదు. అందుకని బరువైన మంచి ప్లేయర్, వేరే ఆంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు తెచ్చాడు.

ఆ శుక్రవారం సాయంత్రం టెంఘర్‌లోని తన ఇంటి నుంచి శ్రద్ధ వచ్చింది.

"ఏంది బాపు, మల్ల కొత్త డబ్బానా? సాంచెలకు నూనె పొయ్యవు గని, దీనికి గింత సేవనా?"

"మీ అవ్వ గొంతు ఇనవడ్తుంది బిడ్డా. ఏమంటున్నదో సమజైతలేదు."

శ్రద్ధ ముఖంలోని నవ్వు ఆరిపోయింది. "బాపు, బస్ ఝాలా, ఇగ సాలు. మా ఇంటికి నడువు."

"గీ ఒక్కసారి ఇని వస్త."

"కింద ఆటోల కూసుంట. జల్ది రా," అని కళ్ళు తుడుచుకుంటూ ఆమె దిగిపోయింది.

వీధి నిశ్శబ్దంగా ఉంది. గంజి వాసన, యంత్రపు నూనె వాసన మెట్ల మీదుగా పైకి వస్తున్నాయి. అతను ముల్లు దించి, ప్లేయర్ మూత వేశాడు. పాట ఎంత స్వచ్ఛంగా ఉందంటే, చరణానికి ముందు గాయని ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది.

తరువాత, పాట కింద... సాంచెల మోత.

కిటికీలోంచి తొంగి చూశాడు. కింద సాంచెల షెడ్డుకు తాళం వేలాడుతోంది. అరికాలు నేలకు ఆనించాడు. నేల కదలడం లేదు. మోత స్పీకర్లలోంచే వస్తోంది. ఆ మోత కింద... ఆడగొంతు.

సాంచెల మధ్య బతికినవారు మాటను చెవితో వినరు. పెదవులు చూసి గ్రహిస్తారు. ఆ అలవాటు కొద్దీ రాజమౌళి ముందుకు వంగాడు. ప్లాస్టిక్ మూతలో అతని ముఖం కనిపించింది.

దాని పక్కనే పెదవులు. పెదవులు మాత్రమే. కదులుతున్నాయి.

అతను చదవగలిగాడు.

"శ్రద్ధ బాపూ... సాంచెలు ఆపు... జెరసేపు... నా మాట ఇను..."

"ఇంటున్న కళా," అన్నాడు.

మీట నొక్కాడు. రికార్డు ఆగింది. పాట ఆగింది.

మోత ఆగలేదు.

"ఇంటున్న... ఆపిన కళా... ఆపిన!"

పెదవులు మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే. అప్పుడు అతనికి అర్థమైంది. ఆ మోతలో తన మాట ఆమెకు అందడం లేదు. ఆమె ఇంకా పిలుస్తూనే ఉంది.

కింద ఆటో హారన్ మోగింది. అతను కదల్లేదు. మూత లోపలి వైపున, ఊపిరి తగిలినట్టు, ఆవిరి పట్టింది... కరిగింది... మళ్ళీ పట్టింది.

ఆ చివరి ఉదయం, అతను కిందికి దిగబోతుంటే, కళ దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నది. చాయ్ సాసర్‌లో పోసి, ఊది, సగం అతనికి అందించింది. "ఆగు, కాలుతది," అన్నది. ఇద్దరూ తాగారు.