సెలైన్ లేని చెయ్యి

ఆపరేషన్ అయిన మీవాళ్ళకు రక్తం ఏ చేతి నుంచి తీశారో ఎన్నడైనా అడిగారా? అడగలేదు కదా. రిపోర్టులో అంకె బాగుందంటే చాలు, సంచి సర్దేస్తాం.

వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. మధ్యాహ్నం, ముసురు. కరెంటు పోయి ఇన్వర్టర్ గుయ్యిమంటోంది. ల్యాబ్‌లో రెబెక్క ఒక్కతే. పేగు ఆపరేషన్ అయిన భాగమ్మకు ఇవాళ నాలుగో రోజు. లోపల కుట్టు వదిలితే పైకి జ్వరం రాకముందే రక్తంలో సీఆర్‌పీ, అంటే ఒంట్లో వాపు చెప్పే అంకె, ఎగబాకుతుంది. నూటయాభై దాటితే ప్రమాదం. పొద్దున ఆమెది అరవై రెండు. భయం లేదు. నాలుగింటి బస్సుకు భాగమ్మ తాండూరులో ఇంటికి పోవచ్చు.

స్టాండులో ఇంకో రక్తం గొట్టం కనబడింది. మీద భాగమ్మ పేరే. కొత్తగా సంతకం నేర్చుకున్నవాళ్ళ వంకర రాత. పట్టుకుంటే... వెచ్చగా ఉంది.

మిషన్‌లో పెట్టింది. రెండొందల పద్నాలుగు.

"కరుణా, పరాచికాలా? రెండో గొట్టం ఎందుకు పంపినవ్?" ఫోన్‌లో నర్సును నిలదీసింది.

"నేనేం పంపలే అక్కా, ఒట్టు. పొద్దున తీసిందొక్కటే."

రెబెక్క నమ్మలేదు. వార్డుకే పోయింది. భాగమ్మ బిడ్డ శ్యామల చీరలు మడతపెడుతోంది.

"ఇంటికి పోంగనే రొట్టెలు నాతోనే కొట్టిస్తది ఇది," భాగమ్మ నవ్వింది. "ఇంకెన్నిసార్లు తీస్తరు బిడ్డా రక్తం? గిప్పుడే ఇస్తిగద."

"ఎవరికి?"

"పక్క మంచమామెకు. తాండూరు నాగమ్మనట. చేతులు మస్తు సల్లగున్నయి. 'సెలైన్ లేని చెయ్యి ఇయ్యక్కా' అన్నది... చెవుల."

పక్క మంచం ఖాళీ. పరుపు నడుమ గుంత... ఎవరో ఇప్పుడే లేచినట్టు.

భాగమ్మ కుడిచేతికి సెలైన్ ఎక్కుతోంది. పొద్దున రక్తం తీసి అంటించిన దూదీ ఆ చేతికే. సెలైన్ నీళ్ళు కలిసిన రక్తం. అంకె తగ్గదా మరి? ఎడమ చేతి మడతలో కొత్త నెత్తుటి చుక్క. ఇంకా ఆరలేదు.

నాగమ్మ పేరు రెబెక్కకు తెలుసు. పోయిన నెల ఇదే ఆపరేషన్ అయిన ఆమెకు నరం దొరక్క, సెలైన్ చేతికే సూది గుచ్చింది తనే. రిపోర్టు బాగుందని ఇంటికి పంపారు. మూడో రోజుకు లోపల కుట్టు వదిలి చచ్చిపోయింది. ఆ చేతి సంగతి రెబెక్క ఎవరికీ చెప్పలేదు.

భాగమ్మ ఎడమ చేతి నుంచి తనే మళ్ళీ రక్తం తీసింది. రెండొందల పదహారు. పరుగున డాక్టర్ శ్రీహరికి చూపించింది. స్కానింగ్‌లో కుట్టు వదిలినట్టు తేలింది. వెంటనే మళ్ళీ ఆపరేషన్. భాగమ్మ బతికింది.

ఆ రాత్రి ల్యాబ్ తాళం వేయబోతూ రెబెక్క ఆగింది.

స్టాండులో ఇంకో గొట్టం. అదే వంకర రాతలో ఇంకెవరిదో పేరు. ఆ పేరు మనిషి వార్డులో లేదు. రిజిస్టర్‌లో లేదు. ఆసుపత్రికే ఇంకా రాలేదు. గొట్టం మాత్రం... వెచ్చగా ఉంది.

ఆ పేరు మీ ఇంటిదే కావచ్చు. సూది వచ్చినప్పుడు మంచం పక్కనే నిలబడండి. సెలైన్ లేని చెయ్యి చాపించండి. తీసే చేతులు చల్లగా ఉన్నా సరే... వద్దనకండి.