గుప్పెడు బియ్యం

"పరీక్షా లేదు, గిరీక్షా లేదు! గురువారం భీమవరం వాళ్ళు పెళ్ళిచూపులకి వస్తున్నారు. మంచిరోజు చూసుకుని మరీ వస్తున్నారు!"

గున్నేశ్వరరావు అరుపు రాజమండ్రి బజారులోని ఆయన బియ్యం కొట్టుదాకా వినిపించే ఉంటుంది. కూతురి చేతిలోని లావుపాటి వైద్యపుస్తకం లాక్కుని విసిరాడు. అది గోడకి కొట్టుకుని, అట్ట ఊడి కిందపడింది... భార్య నాగరత్నానికి తన గుండే ఊడిపడ్డట్టయింది!

కూతురు మీనాకుమారిది కాకినాడలో డాక్టరీ ఆఖరి సంవత్సరం. రోగిని పరీక్షించి, జబ్బేమిటో పెద్ద డాక్టర్లకి చెప్పాల్సిన పరీక్ష సరిగ్గా ఆ గురువారమే. తప్పితే ఆరు నెలలు ఆగాలి. ఈలోగా పెళ్ళయితే ఆ ఆరు నెలలు ఎన్నేళ్ళవుతాయో ఏ ఆడదానికీ తెలియదు! గున్నేశ్వరరావు లెక్క వేరు. పిల్ల డాక్టరీ చదువుతోందంటే సంబంధాలొస్తాయి, చదివేసిందంటే పారిపోతాయి.

"ఒక్కరోజు జరపండి, మీకు పుణ్యముంటుంది..." అంది నాగరత్నం.

"జరపడానికి వాళ్ళేమన్నా బస్తాలా?" అని ఆయన కొట్టుకి వెళ్ళిపోయాడు.

నాగరత్నం అన్నం మెతుకులతో అట్ట అంటించి, పుస్తకం కూతురి ఒళ్ళో పెట్టింది. "ఏడుపు గురువారం తరవాత ఏడుద్దువుగాని. ముందు చదువు. నేను రోగిని, కానియ్!" అంటూ పెరట్లో పీట మీద కూర్చుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా ఈ ఆట వాళ్ళిద్దరికీ అలవాటే.

"ఏం బాధమ్మా నీకు?"

"మీ నాన్న."

"అమ్మా! సరిగ్గా చెప్పు!"

"సరిగ్గానే చెప్పాను."

మీన నవ్వుతూనే తల్లి చెయ్యి అందుకుంది. గోళ్ళు చూసింది. కంటి కింది రెప్ప లాగి చూసింది. నాలిక చాపమంది. ఆ నవ్వు ఎక్కడికి పోయిందో... ఈ లక్షణాల పేజీ ఎన్నిసార్లు వల్లించింది! ఎవరో పరాయివాళ్ళ జబ్బులాగే వల్లించింది!

"అమ్మా... నువ్వింకా బియ్యం తింటున్నావా?"

నాగరత్నం తల దించుకుంది. వసారాలో చేటతో కూర్చున్న అత్తగారు సుబ్బాయమ్మ అందుకుంది. "తినకేం! కాపరానికొచ్చిన కొత్తల్లోనే గుప్పిట విప్పించి నలుగురికీ చూపించాను. బియ్యం కొట్టువాళ్ళ కోడలు బియ్యం దొంగ! డబ్బాకి తాళమెందుకు వేస్తాననుకున్నావే?"

మీన మధ్యాహ్నం తండ్రి భోజనానికి కూర్చోగానే వచ్చి ఎదురుగా నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది.

"నాన్నా, పరీక్షలో చెప్పాల్సింది మీకే చెబుతాను, వినండి! రక్తహీనత. మనిషి పాలిపోతుంది. గోళ్ళు చెంచాల్లా గుంటలు పడతాయి. నోటి మూలలు పగులుతాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బియ్యమో, మట్టో, బలపమో తినాలని ప్రాణం కొట్టుకుంటుంది... అది దొంగబుద్ధి కాదు, ఒంట్లో ఇనుము లేక! ఇంతవరకూ పుస్తకంలో ఉంది. ఇంటిల్లిపాదీ తిన్నాక అడుగూ బొడుగూ తిని బతకమని అమ్మకి ఎవరు చెప్పారో, అదొక్కటీ లేదు!"

గున్నేశ్వరరావు ముద్ద మింగి, "ఓస్, ఇంతేనా! రెండు మాత్రలు మింగితే పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికి?" అన్నాడు.

నాగరత్నం చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"రెండు మాత్రలతో పోయేదా అండీ? మరి నన్నెందుకు దొంగని చేశారు? మా నాన్న ఈ గుమ్మంలో నిలబడి, 'ఆకలేస్తే అడగొచ్చుగా తల్లీ' అని ఏడ్చి వెళ్ళాడే! ఆయన పోయేదాకా నన్ను దొంగనే అనుకున్నాడే! నాకు తెలియదు, మీకు తెలియదు, మీ అమ్మగారికి అసలే తెలియదు. ఈ ఇంట్లో తెలుసుకున్నది ఇదొక్కతే! దీన్ని చాప మీద కూర్చోబెట్టి, పకోడీలు పెట్టి, భీమవరం వాళ్ళకి చూపిస్తారా? చూపించండి చూస్తాను!"

ఆ గొంతు ఆ ఇంట్లో అంతకుముందెవరూ విని ఎరగరు. గున్నేశ్వరరావు మజ్జిగ పోసుకోవడం కూడా మరిచిపోయి లేచాడు.

బుధవారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు సంచులతో కాకినాడ బయల్దేరారు. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"గడప దాటావో..."

"దాటితే ఏమవుతుందో తరవాత చెబుదురుగాని. నాకసలే ఆయాసం, నిలబెట్టి మాట్లాడించకండి. జరగండి."

"రేపు వచ్చేవాళ్ళకి ఎవరు చేసి పెడతారే?"

"అత్తయ్యగారున్నారుగా!"

నిన్న మధ్యాహ్నం నుంచీ సుబ్బాయమ్మ చేట ముట్టలేదు. ఇప్పుడు మెల్లగా లేచి వచ్చి, చేతులు రెండూ మనవరాలి ముందు చాపింది.

"చూడవే పిల్లా... నావీ అలాగే ఉన్నాయా? వీడు కడుపులో ఉన్నప్పుడు నేను గోడ మట్టి గీరుకుని తిన్నాను. మా అత్త చూస్తే చంపేసేది..."

మీన ఆ గోళ్ళకేసి చూసి, తల్లి వైపు చూసింది. నాగరత్నం కళ్ళు నిండాయి. కోపం మాత్రం దిగలేదు. అంత తొందరగా ఎలా దిగుతుంది!

"చెప్పులేసుకోండి అత్తయ్యగారూ. బస్సు పోతుంది," అంది కటువుగా.

గున్నేశ్వరరావు ఓ పక్కకి ఒదిగాడు. నాగరత్నం ముందు దిగింది, వెనకే మీన. సుబ్బాయమ్మ గడప మీద ఆగి కొడుకుని మోచేత్తో నెట్టింది.

"ఇంకాస్త జరగరా! నేనూ దిగాలి."