కాళ్ళ దగ్గర కుక్కరు

"గట్టిగా పట్టుకో!"

పట్టుకోవడానికి ఏముందని? డోర్ హ్యాండిల్ ఊడి ఏడాదైంది. దాని స్థానంలో ఒక తాడు ముక్క వేలాడుతోంది. జిడ్డు తాడు.

ఆమె దాన్నే పట్టుకుంటుంది.

వెనక సైరన్!

అద్దంలో ఎర్ర లైటు... నీలం లైటు... మళ్ళీ ఎర్ర లైటు...

పికప్ గుంతలో పడి లేస్తుంది. వెనక ట్రేలో క్రేట్లు ధన్‌ధన్ మని కొట్టుకుంటాయి. టార్పాలిన్ కింద ఏదో జారుతుంది. మెత్తగా... తడిగా...

కంపు!

ఆమె తువ్వాలు ముక్కుకి అదుముకుంటుంది. తువ్వాలుకి పెట్రోలు వాసన. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే... ఆమె ముక్కుకి ముందు పెట్రోలు, వెనక కుళ్ళు మాంసం.

"ఎవడో ఉప్పందించాడు!" భర్త పళ్ళు కొరుకుతాడు. "లేకపోతే ఫుడ్ తనిఖీ జీపు సరిగ్గా ఈ దారిలోనే కాపు కాయడమేంటి? దొరకనీ వాణ్ణి... బోల్టు బోల్టుగా విప్పుతాను!"

ఆమె కిటికీలోంచి చీకట్లోకి చూస్తుంది.

"ఏమే, నీకే చెప్తున్నా! వింటున్నావా?"

"వింటున్నానండీ. బోల్టు బోల్టుగా."

ఎదురుగా ఎత్తు. నిటారుగా పైకి లేచిన రోడ్డు.

జీపు దగ్గరవుతోంది. ఇంకా దగ్గరవుతోంది. దాని హెడ్‌లైట్లు క్యాబిన్‌లోకి దూరి డ్యాష్‌బోర్డు మీది దుమ్మంతా లెక్కపెడుతున్నాయి!

భర్త నవ్వుతాడు.

ఎక్సలేటర్ నేలకి తొక్కుతాడు!

బానెట్ కింద ఏదో నోరు తెరుస్తుంది. ఇంజన్ గర్జిస్తుంది. సీటు ఆమె వీపుని తన్నుతుంది. ముసలి పికప్ లోడుతో సహా ఎత్తు మీదికి పాకదు... ఎగబడుతుంది!

అద్దంలో జీపు అగ్గిపెట్టంత అవుతుంది.

"చూశావా నా రాణిని!" స్టీరింగ్ మీద ముద్దు పెడతాడు. నిజంగానే. చప్పుడు వచ్చేలా.

బండికి పేరు రాణి. ఆమెకి పేరు 'ఏమే'.

ఆ ఇంజన్ ఎలా బలిసిందో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బలిసింది ఆమె ఇంట్లోనే కదా!

పోయినేడు ఇదే ఎత్తు మీద ఇదే జీపు చేతికందేంత దగ్గరికి వచ్చింది. ఆ రోజే ఒట్టేసుకున్నాడు. ఇంజన్‌కి పవర్ పెంచుతానని. సిలిండర్లకి బోరు కొట్టించి వెడల్పు చేయించాడు. పెద్ద పిస్టన్లు తెచ్చాడు. వాటిని ఆమె గిన్నెలు తోముకునే సింకులో కడిగాడు. చల్లబడాలని వాల్వ్ గైడ్లనే చిన్న గొట్టాల్ని ఫ్రీజర్‌లో పెట్టాడు. ఐసు ముక్కనుకుని ఆమె ఒకటి నిమ్మరసంలో వేసుకుంది కూడా. వాల్వుల్ని ఆడించే ఇనప కడ్డీ, కొత్త క్యామ్ షాఫ్ట్, వచ్చిన రోజైతే... దుప్పటి కప్పి మంచం మీద పడుకోబెట్టాడు! కొత్త పెళ్ళికూతురిలా!

ఆమె కింద చాప వేసుకుంది.

రెండో కాపురం పెట్టే మగాళ్ళ గురించి విన్నది. మొదటి పెళ్ళాం మంచం మీదే పెట్టేవాణ్ణి అప్పుడే చూసింది.

సరే, పవర్ వచ్చింది. బ్రేకు పోయింది!

ఆ దూకుడు క్యామ్ పెట్టాక ఇంజన్‌కి గాలి లాగే బలం తగ్గిపోయింది. బ్రేకుకి ఊతమిచ్చేది ఆ లాగుడే. అది లేకపోతే పెడల్ రాయి. అన్నం తింటూ ఎంగిలి చేత్తో బల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. "లాగుడు ఉన్నప్పుడే దాచుకోవాలి. ఒక డబ్బా కావాలి. గట్టి డబ్బా. గాలి చొరబడనిది."

చెప్తూ చెప్తూ పొయ్యి వైపు చూశాడు.

ఆమె కుక్కరు!

మూతకి రబ్బరు ఉంది. విజిల్ పెట్టే గొట్టం ఉంది. ఆ గొట్టానికి ఇంజన్‌కీ బ్రేకుకీ వెళ్ళే పైపు తొడిగాడు. బానెట్ కింద కొత్తగా పెట్టిన పెద్ద కార్బొరేటర్ పక్కన చోటు చాలక, కుక్కర్ని పక్క సీటు ముందు బిగించాడు. పైపుకి క్లిప్పు లేదు. "తర్వాత వేస్తాలే" అన్నాడు. ప్రస్తుతానికి ఆమె జడ రబ్బరుబ్యాండు చుట్టాడు.

ఆ 'తర్వాత' ఇంతవరకు రాలేదు.

అందుకే ఇప్పుడు, సైరన్ వెనక తరుముతుంటే, ఆమె తన కుక్కరుకి అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చుని ఉంది.

ఫోన్ మోగుతుంది!

భర్త స్పీకర్ నొక్కుతాడు. కోల్డ్ స్టోరేజీ ఓనరు గొంతు. "ఎక్కడున్నావ్?"

"వచ్చేశా సార్! జీపు దుమ్ము తింటోంది!"

"వెనక గేటు తీయించి పెట్టా. తెల్లారేసరికి వంటవాళ్ళు కోసేస్తారు. ఇక ఎవడికీ ఏమీ దొరకదు." కట్!

వంటవాళ్ళా?

కుక్కల మేత ఫ్యాక్టరీకి అని చెప్పాడు భర్త ఇన్నాళ్ళూ. ఆమె ఎప్పుడూ నమ్మలేదు. పెరట్లో కూర్చుని ప్యాకెట్లకి కొత్త తేదీల స్టిక్కర్లు అంటిస్తుంటే చూసింది. కుక్కలు తేదీలు చదువుతాయా?

మలుపు. హెడ్‌లైట్లలో ఒక పెట్రోలు బంకు... మూసిన చెప్పుల షాపు... నీళ్ళ ట్యాంకు...

ఆమె వెన్ను నిటారవుతుంది.

ఈ రోడ్డు తెలుసు! పోయిన వారమే వచ్చింది. కూతుర్ని చూడటానికి.

"ఏవండీ... ఇది పిల్ల హాస్టలు రోడ్డు కదా?"

"ఊఁ."

"లోడు... హాస్టలుకా?"

"మరి? అంత పెద్ద మెస్ ఇంకెక్కడుంది?"



"మన పిల్ల తినేది అక్కడేనండీ!"

"నేనేమన్నా రాక్షసుణ్ణా?" అతను నిజంగా నొచ్చుకుంటాడు. "మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పా. రెండు రోజులు మెస్‌లో తినకు, బయట తినమ్మా అని. తండ్రినే, ఆ మాత్రం తెలీదా?"

"మిగతా పిల్లలో?"

"మిగతా పిల్లలకి అమ్మానాన్నలు లేరా? వాళ్ళు చూసుకోవాలి."

"దాని పక్క మంచం పిల్ల... సెలవల్లో మనింట్లో ఉంది కదండీ. అంకుల్, అంకుల్ అని మీ వెనకే తిరిగింది..."

"ఆ బొద్దు పిల్లా?" పకపకా నవ్వుతాడు. "దానికో నాలుగు పూటలు కడుపు చెడినా మంచిదే!"

ట్రేలో క్రేటు జారుతుంది. కంపు మళ్ళీ లోపలికి వస్తుంది.

ఈసారి ఆమె తువ్వాలు ముక్కుకి పెట్టుకోదు. ఎందుకంటే కంపు వెనక నుంచి రావట్లేదు. పక్క సీటు నుంచి వస్తోంది!

అద్దంలోకి చూస్తుంది.

జీపు ఏది?

దూరంగా... చుక్కంత లైటు. ఎర్రగా... నీలంగా... ఇంకా చిన్నగా...

రాదు! ఆ జీపు ఇక రాదు! ఈ ఇంజన్‌ని అందుకోలేదు!

"ఒకవేళ వాళ్ళు పట్టుకుంటే?" అడుగుతుంది.

"పట్టుకుంటే పట్టుకోనీ. బండి నీ పేరు మీదే ఉంది కదా!" కన్నుగీటుతాడు. "పెళ్ళిరోజు కానుక అని ఎంత మురిసిపోయావు! నువ్వెందుకు వచ్చావనుకున్నావ్ ఇవాళ? షికారుకా?"



ఆమె మెల్లగా సీటు బెల్టు లాగుతుంది. క్లిక్!

బండిలో ఉన్న ఒకే ఒక్క బెల్టు. అతని వైపుది ఇంజన్ కట్టి పైకి లేపడానికి పీకేశాడు.

"ఏంటే, భయమా?"

"అవునండీ. చాలా."

కుడికాలి చెప్పు విడుస్తుంది.

బొటనవేలితో తడుముతుంది. చల్లటి మూత... రబ్బరు పైపు... రబ్బరుబ్యాండు.

ఈ రోడ్డు చివర జంక్షన్, నేరుగా దారి లేదు. ఎడమకి తిరిగితే హాస్టలు వెనక గేటు. తిరక్కపోతే... ఎదురుగా రోడ్డు పనుల కోసం పోసిన ఇసుక గుట్ట. పోయిన వారం ఆ గుట్ట పక్కనే నిలబడి చెప్పులో ఇసుక దులుపుకుంది.

ఇసుక. మెత్తటి ఇసుక.

మెత్తగానే ఉంటుందా? ఏమో!

వేళ్ళ మధ్య రబ్బరుబ్యాండు ఇరికిస్తుంది. లాగుతుంది. జారింది! మళ్ళీ ఇరికిస్తుంది. పిక్క పట్టేస్తుంది. పెదవి కొరుక్కుంటుంది...

టప్!

ఊడింది!

ఇక పైపు. కుక్కరు మూత వట్టిగా లాగితే రాదు. ముందు విజిల్ లేపాలి. లోపల ఉన్నది ఆవిరైనా, శూన్యమైనా న్యాయం ఒక్కటే. ఇన్నేళ్ళ కాపురంలో ఈ బండి గురించి ఆమెకి అర్థమైంది ఆ ఒక్క ముక్కే.

మడమతో పైపుని తన్నుతుంది.

ఉస్స్స్!

"ఏంటా శబ్దం?"

"నేనేనండీ. నిట్టూర్చాను."

"నీ నిట్టూర్పులకి టైర్లలో గాలి పోతుంది!" మళ్ళీ నవ్వు. కాలు ఎక్సలేటర్ మీదే ఉంది, పూర్తిగా తొక్కి! పవర్ ఏమాత్రం తగ్గదు. అతనికి ఏ తేడా తెలియదు.

బ్రేకు తొక్కేదాకా తెలియదు!

దూరంగా ఎర్ర దీపాలు. జంక్షన్!

దాని వెనక చీకట్లో హాస్టలు. మూడో అంతస్తులో ఒక కిటికీలో వెలుగు. ఎవరో పిల్ల చదువుకుంటోంది.

"వచ్చేశాం!" అతను ఎక్సలేటర్ వదిలి బ్రేకు తొక్కుతాడు.

తొక్కుతాడు.

మళ్ళీ తొక్కుతాడు!

"ఏయ్..."

పెడల్ దిగదు. రాయి!

ఇంజన్ ఊడిన పైపులోంచి గాలి మింగుతూ పిచ్చిగా ఊళ పెడుతుంది. రెండు కాళ్ళూ ఎత్తి పెడల్ మీద నిలబడతాడు!

"పడట్లేదే! బ్రేకు పడట్లేదే!"

చెయ్యి హ్యాండ్ బ్రేకు కోసం వెతుకుతుంది. లాగుతుంది. వట్టి పుల్ల! లావు సైలెన్సర్ పైపుకి అడ్డమని దాని కేబులు తనే కోసేశాడు!

ఎర్ర దీపాలు మీదికి వస్తున్నాయి!

బోర్డు! డ్రమ్ము! ఇసుక...

ఆమె కళ్ళు మూసుకుంటుంది.

ధడేల్!!!

నిశ్శబ్దం.

ఇసుక అద్దం మీద నుంచి సన్నగా రాలుతోంది. బెల్టు ఆమె భుజాన్ని కోసింది. వేళ్ళు కదులుతున్నాయి. కాళ్ళు కదులుతున్నాయి. ఒళ్ళో సగం ఇసుక.

ట్రే తలుపు తెరుచుకుంది. రోడ్డు నిండా క్రేట్లు. పగిలిన ప్యాకెట్లు. పచ్చగా... నల్లగా... కొత్త తేదీలతో మెరుస్తూ...

పక్క నుంచి మూలుగు. భర్త నుదుటి మీద స్టీరింగ్ చక్రం అచ్చు పడింది. ముక్కు నుంచి రక్తం. పెదవులు కదులుతున్నాయి.

ఆమె వంగి వింటుంది.

"ఇంజన్... ఇంజన్‌కి ఏమన్నా అయిందా?"

సైరన్! జీపు వచ్చి ఆగుతుంది. బూట్ల చప్పుడు. ఎవరో రోడ్డు పక్క వాంతి చేసుకుంటున్నారు.

తనిఖీ మేడమ్ ముక్కు మూసుకుని ముందుకొస్తుంది. టార్చి క్యాబిన్‌లోకి కొడుతుంది.

"బండి ఎవరిది?"

అంతే! చచ్చిపోయేలా మూలిగిన మనిషికి ప్రాణం లేచొస్తుంది.

"ఆవిడదే మేడమ్! కాగితాలు చూడండి! లోడు కూడా ఆవిడదే! వద్దు వద్దని బతిమాలాను... నా మాట వింటుందా?"

టార్చి ఆమె ముఖం మీదికి తిరుగుతుంది.

"మీదేనా?"

"బండి నాదే మేడమ్," అంటుంది ఆమె. "అందుకే ఆపాను."

టార్చి ఆగిపోతుంది.

మేడమ్ ఒక అడుగు దగ్గరికి వస్తుంది. గొంతు తగ్గిస్తుంది.

"ఈ గొంతు... సాయంత్రం ఆఫీసుకి ఫోన్ చేసింది మీరేనా?"

భర్త తల మెల్లగా... చాలా మెల్లగా... ఆమె వైపు తిరుగుతుంది. నుదుటి మీద చక్రం. తెరిచిన నోరు.

"నువ్వా?"

ఆమె బెల్టు విప్పుతుంది. కుక్కర్ని బిగించిన పట్టీలోంచి లాగి చంకన పెట్టుకుంటుంది. ఇసుకలోకి దిగుతుంది. ఒక కాలికే చెప్పు.

"వెనకున్న కుళ్ళు ఎక్కడికీ పోదు మేడమ్," అంటుంది. "ముందు సీట్లోది తీయించండి."