కార్వర్ కనుమలో విరగని యాంటెన్నా

ఈ చలికాలం మా ఇంటి మీది యాంటెన్నా మూడోసారి విరిగింది. మర్నాడు దాని ముక్కల్ని పికప్పులో వేసుకుని నేనూ, మా ఆయన గ్రేడీ కలిసి ఓడెల్ షెడ్డుకి వెళ్లాం.

ఓడెల్ ముసలాయన. వయసంతా లారీలు తోలి, మోకాళ్లు పోయాక ఆ రేకుల షెడ్డులో, లారీవాళ్లు దారిలో మాట్లాడుకునే సీబీ రేడియోలు బాగుచేస్తూ కూర్చున్నాడు. లోపల ఎప్పుడూ తీగలు అతికే సోల్డరు పొగ, మాడిన కాఫీ వాసన.

"మళ్లీనా?" అన్నాడు మమ్మల్ని చూడగానే. "గ్రేడీ, నువ్వు యాంటెన్నాలు బిగిస్తున్నావా, పంట వేసి కోస్తున్నావా?"

"విత్తనం మీరిచ్చిందే కదా" అన్నాడు గ్రేడీ.

మాది టో ట్రక్కు పని, దారిలో చిక్కుకున్న బళ్లని లాక్కొస్తాం. అమెరికాలోని వయోమింగులో, కార్వర్ కనుమ నోట్లో మా ఇల్లు. పడమటి గాలి అక్కడ నిండు లారీల్ని కూడా పక్కకి పడేస్తుంది. సెల్‌ఫోన్లు పలకవు. గ్రేడీ బయటికెళ్తే నేను వంటింట్లో రేడియో ముందు కూర్చుంటాను. అతని గొంతు వస్తుంటే సూప్ కలుపుకుంటాను, రాకపోతే గోళ్లు కొరుక్కుంటాను. అంతకు ముందుసారి యాంటెన్నా విరిగినప్పుడు అతను మంచులో దారి తప్పాడు. తెల్లారేదాకా నాకు అతని మాట లేదు. కుడిచేతి రెండు వేళ్లకి ఇప్పటికీ స్పర్శ సరిగ్గా రాలేదు.

ఓడెల్ గోడకి ఆనించిన వాటిని చూపించాడు. ఒకటి పొడుగాటి అల్యూమినియం గొట్టం, మొదట్లో గొడుగు ఊచల్లాంటి కడ్డీలు. ఇంకోటి పొట్టిగా, మందంగా, తెల్లటి ఫైబర్‌గ్లాస్‌ది. కడ్డీలూ గిడ్డీలూ ఏం లేవు.

"దూరం వినాలంటే ఆ పొడుగుది. కానీ ప్రతి కడ్డీ గాలికి పట్టు ఇస్తుంది. ఈ పొట్టిది అంత దూరం వినదు, కానీ వంగుతుంది, మళ్లీ లేస్తుంది. గాలి ఒక్క తోపుతో దేన్నీ విరగ్గొట్టదమ్మాయ్. ఊపి ఊపి, లోహాన్ని అలిసిపోయేలా చేసి విరగ్గొడుతుంది. ఇది అలిసిపోయే రకం కాదు."

"అయితే పొట్టిదే" అన్నాను. "నాకు లోకమంతా వినబడక్కర్లేదు. ఈయన ఇంటికొచ్చేదాకా ఈయన గొంతు వినబడితే చాలు."

"అబ్బో! ఎదురుగా ఉంటే ఒక్కమాట వినదండీ" అన్నాడు గ్రేడీ.

ఓడెల్ నవ్వలేదు. అప్పటికే విరిగిన ముక్కని చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పుతున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఊగి విరిగింది కాదు" అన్నాడు నెమ్మదిగా. "అలా అయితే అతుకు దగ్గర పోవాలి. ఇది కొస దగ్గర నలిగింది. చూడు... రెండువైపులా నొక్కినట్టు. ఆ తర్వాత బరువుకి వంగి తెగింది."

"ఐసు గడ్డ కట్టుంటుంది" అన్నాడు గ్రేడీ.

"ఐసు బరువేస్తుంది. నొక్కదు." ముక్కని బల్ల మీద పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "గ్రేడీ, నా మాట వింటే ఇంకో అల్యూమినియందే పెట్టుకో. పైన విరిగేదొకటి ఉండటం ఒక్కోసారి మంచిది. ఏదొచ్చి తగులుకున్నా, విరిగి దాన్ని వదిలేస్తుంది."

"ఏం తగులుకుంటుందండీ అక్కడ? ఏమీ లేని బయలు!"

ఓడెల్ బిల్లు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు.

మేం పొట్టిదే తెచ్చుకున్నాం. గ్రేడీ పెరట్లో ఇంటిని ఆనుకుని మందపాటి ఉక్కు గొట్టం నిలబెట్టి, గొట్టంలో గొట్టం దూర్చి, దాని మీద బిగించాడు. నాలుగు వైపులా తాళ్లు లాగి కట్టాడు. కిందినించి తోసి చూశాను. బండరాయిలా ఉంది. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను.

వారం తిరక్కుండానే తుఫాను వచ్చింది. మధ్యాహ్నానికే హైవే మూసేశారు. చీకటి పడే వేళకి ఎముకలు కొరికే గాలి, దాంతోపాటు నేలమీంచి లేచే పొడి మంచు. అప్పుడు రేడియోలో ఒక ఆడగొంతు సన్నగా వినిపించింది. యొలాండా అనే డ్రైవరు. మూసేయకముందే హైవే దిగి, పాత రాళ్ల దారి పట్టుకుని వెళ్తుంటే లారీ పక్కకి పడిపోయిందట. హీటరు ఆగిపోయింది. కుక్క తోడుంది.

"పాత యాంటెన్నా అయితే ఈపాటికి విరిగి పడుండేది. ఈవిడ గొంతు మనకి వినబడేదే కాదు" అన్నాడు గ్రేడీ, బూట్లు తొడుక్కుంటూ. అతని మొహంలో గర్వం. నాకూ గర్వంగానే ఉంది.

అతను వెళ్లాక స్టవ్ మీద బీన్సు పెట్టి రేడియో ముందు కూర్చున్నాను. కిటికీలోంచి పెరటి దీపం వెలుగులో యాంటెన్నా కనబడుతోంది. తూర్పుకి వంగి ఉంది, గాలికి వంగినట్టే. తాళ్లు గుయ్యిమంటున్నాయి. గ్రేడీ మధ్యమధ్యలో పలుకుతున్నాడు. యొలాండా దొరికింది. కుక్క కూడా క్షేమం. ట్రక్కు ఎక్కించుకున్నాడు. వెనక్కి బయల్దేరాడు.

అప్పుడు గాలి ఆగిపోయింది.

తగ్గడం కాదు. ఆగిపోయింది. చెవుల్లో దూది కుక్కినట్టయింది. స్టవ్ మీద బీన్సు ఉడుకుతున్న చప్పుడు పెద్దగా వినబడటం మొదలైంది. బయట మంచు రేకులు నిటారుగా, నెమ్మదిగా దిగుతున్నాయి.

యాంటెన్నా మాత్రం వంగే ఉంది.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. గాలి లేదు. దాని మీద ఐసూ లేదు, తెల్లగా నున్నగా మెరుస్తోంది. చేప పడ్డ గాలపు కర్రలా కొస కిందికి వంగి, సన్నగా వణుకుతోంది. పడమటి తాడు తెగేంత బిగుసుకుని ఉంది.

"ట్వైలా" అన్నాడు గ్రేడీ రేడియోలో. "గాలి పోయింది కానీ, మంచు దట్టంగా పడుతోంది. లైట్లేస్తే తెల్లటి గోడే. ఏదో విరిగిన గేటు దగ్గరున్నాను."

నాకు ఆ దారి కళ్లు మూసుకున్నా తెలుసు. మైకు బటన్ నొక్కాను. "తిన్నగా రా. ముందు దారి రెండుగా చీలుతుంది. అక్కడ కుడికి తిరుగు."

బటన్ వదిలాను. 

"ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు.

"ఎవరూ లేరు. ఎందుకు?"

"నువ్వన్న మాటే నీ వెనకాల ఇంకెవరో అంటున్నారు. ఇప్పుడు కూడా. ఎవరూ లేరు, ఎందుకు అని... రెండు గొంతులు."

రేడియో పద్ధతి ఏమిటంటే, బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపు మనకేమీ వినబడదు. నేను మాట్లాడినప్పుడే మాట్లాడేది ఏదైనా ఉంటే... అది నాకు ఎప్పటికీ వినబడదు.

"ఈ పాడు రేడియోలో ప్రతిధ్వనేమో" అన్నాను. నా గొంతు నాకే వేరేగా అనిపించింది.

"ప్రతిధ్వని కాదు." గుసగుసగా అన్నాడు. పక్కనున్నావిడకి వినబడకూడదని కాబోలు. "ఒక గొంతు కుడికి అంది. ఇంకోటి ఎడమకి అంది. రెండూ నీ గొంతే, ట్వైలా. ఏది నువ్వో తెలీడం లేదు."

ఎడమవైపు పాత కంకర క్వారీ. దారి నేరుగా గుంతలోకి పోతుంది. కంచె ఎప్పుడో కూలిపోయింది.

"ఇక మాట్లాడకు" అన్నాడు గ్రేడీ. "నేను అడుగుతాను. ఔనంటే బటన్ ఒకసారి నొక్కు. కాదంటే రెండుసార్లు. సరేనా?"

ఒకసారి నొక్కాను.

నెత్తిమీద, ఇంటి కప్పు మీద... టక్.

పైకి చూడలేదు. చూడకూడదనిపించింది. గ్రేడీ ట్రక్కు చప్పుడు రేడియోలో గరగరమంటోంది. మళ్లీ కిటికీలోంచి చూస్తే, యాంటెన్నా నిటారుగా నిలబడి ఉంది. కొత్తదానిలా. దాని కొస మీద ఏమీ లేదు.

దాన్ని పట్టుకున్నదేదో దిగింది.

"చీలిక దగ్గరికొచ్చాను" అన్నాడు గ్రేడీ. "కుడివైపేనా?"

ఒకసారి నొక్కాను. ఒకే ఒక్కసారి.

టక్. ఈసారి కప్పు మీద కాదు. గోడ మీద. యాంటెన్నా తీగ కప్పు మీంచి గోడ వెంబడి దిగి, కిటికీ పక్కన చిన్న కన్నంలోంచి లోపలికి వస్తుంది. ఆ తీగ కదిలింది. నేను చూస్తుండగానే కొంచెం బయటికి జరిగింది, ఎవరో అవతలనించి వేలికి చుట్టుకుంటున్నట్టు.

"రెండు వినబడ్డాయి" అన్నాడు గ్రేడీ. "కాదంటావా? ఎడమకా?"

నొక్కబోయిన వేలు ఆగిపోయింది. నేను ఒకటంటే అది రెండు చేస్తుంది. నేను రెండంటే మూడు చేస్తుందేమో. మాట్లాడితే నా గొంతుతోనే మాట్లాడుతుంది. ఈ రేడియోలో నేను ఏది చేసినా, పక్కన అది ఉంటుంది.

"ట్వైలా? సరే, ఎడమకే తిప్పుతున్నా..."

పెరట్లో పికప్పు ఉంది. దాని హారన్ పెద్దది. గాలి ఉంటే ఆ హారన్ మా ఇంటి గేటు దాకా కూడా పోదు. కానీ ఇప్పుడు గాలి లేదు.

కోటు వేసుకున్నానో లేదో గుర్తులేదు. తలుపు తీసి పరిగెత్తాను. తల వంచుకునే ఉన్నాను. నా బూట్లు తప్ప నాకేమీ కనబడకూడదు. గోడ పక్కనించి పోతుంటే ఒక వాసన తగిలింది. చలికి వాసనలుండవు. ఇది ఎండిన గడ్డి, దుమ్ము, ఎక్కడో చాలా దూరపు వాన వాసన. ఎన్నో ఊళ్ల మీదుగా వచ్చినదాని వాసన.

పికప్పులో దూరి తలుపు లాక్కుని, రెండు చేతులతో హారన్ మీద పడ్డాను.

కనుమంతా మోగిపోయింది. వదల్లేదు. చేతులు లాగుతున్నా వదల్లేదు. అద్దం మీద పడిన మంచు కరిగి జారుతోంది. కాసేపటికి గమనించాను. అద్దం మీద కొత్త మంచు పడటం లేదు.

బానెట్ మీద కూడా పడటం లేదు. నాలుగడుగుల అవతల ధారగా కురుస్తోంది, కంచె మీద కురుస్తోంది, ఇంటి మెట్ల మీద కురుస్తోంది. నా పికప్పు ఉన్నంత మేర మాత్రం... చెట్టు కింద నిలబెట్టినట్టు, ఒక్క రేకు లేదు.

మా పెరట్లో చెట్లు లేవు.

కళ్లు మూసుకున్నాను. హారన్ మాత్రం వదల్లేదు. "ఇటు రా గ్రేడీ, ఇటు రా" అని గొణుగుతూనే ఉన్నాను. పెదాలు కదుపుతున్నానే గానీ గొంతు రానివ్వలేదు. గొంతు వస్తే అది కూడా అంటుంది.

ఎంతసేపో తెలీదు. రెప్పల మీద పసుపు వెలుగు పడింది. టో ట్రక్కు లైట్లు. గ్రేడీ తలుపు తీసి నా చేతుల్ని హారన్ మీంచి ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది. అప్పటికి నా పికప్పు అద్దం మీద మంచు మామూలుగానే పడుతోంది.

"ముందు చక్రం క్వారీ అంచు దాకా పోయింది" అన్నాడు చెవిలో. "హారన్ కుడివైపునించి వినబడి ఆగాను. లేకపోతే..." నన్ను గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

యొలాండా లోపలికొచ్చి బీన్సు తింది. నవ్వుతూ "మీ ఆయన చాలా మంచోడమ్మా, దారంతా నాకు పాటలు పాడాడు, ఘోరంగా పాడాడు" అంది. ఆమె కుక్క మాత్రం లోపలికి రాలేదు. గుమ్మం దాకా వచ్చి, కప్పువైపు చూసి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ట్రక్కు కిందికి పోయి పడుకుంది. ఎంత పిలిచినా రాలేదు. చివరికి ఆమే దుప్పటి తీసుకుని ట్రక్కులోకి వెళ్లి దాంతోపాటు పడుకుంది.

పొద్దున్నే గ్రేడీ తాళ్లు విప్పి యాంటెన్నా దించేశాడు. ఓడెల్ కూడా వచ్చాడు. మేం చెప్పిందంతా విన్నాడు. యాంటెన్నాని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా గీత కూడా లేదు. "మంచి సరుకు" అన్నాడు చేదుగా. దాన్ని తన షెడ్డుకి తీసుకెళ్లమంటే ఒప్పుకోలేదు. గ్రేడీ ముక్కలుగా కోసి క్వారీ గుంతలో పడేశాడు. ఇప్పుడు మా కప్పు మీద సన్నటి అల్యూమినియంది ఉంది. ఎప్పుడు విరుగుతుందా అని ఎదురుచూస్తున్నాం. ఇంతవరకూ విరగలేదు.

నిన్న మళ్లీ పెద్దగాలి. ఈ చలికాలంలోకెల్లా పెద్దదట. సాయంత్రం ఓడెల్ ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశాడు. షెడ్డు కప్పు సగం ఎగిరిపోయిందన్నాడు. ఇల్లు ఊగుతుంటే బల్లమీది గిన్నెలు దొర్లి పడ్డాయట, మంచం కిందికి దూరాల్సి వచ్చిందట.

"మీకెలా ఉంది? ఇల్లు బాగా ఊగుతోందా?" అన్నాడు.

ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడి చూశాను. కిటికీ అవతల కంచె స్తంభాలు ఒరిగిపోతున్నాయి. రాళ్లు ఎగిరొచ్చి గోడకి తగులుతున్నాయి. గ్రేడీ బల్ల దగ్గర కూర్చుని, అంచు దాకా నింపిన కాఫీ కప్పు వైపే చూస్తున్నాడు.

కాఫీ మీద చిన్న అల కూడా లేదు. గోడలు కిర్రుమనడం లేదు. తలుపు కొట్టుకోవడం లేదు.

"అమ్మాయ్, ఉన్నావా? ఊగుతోందా?"

"లేదు" అన్నాను గుసగుసగా. "అస్సలు ఊగడం లేదు. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది."