పాత వర్షన్‌కు దారి లేదు

"మీ చెల్లెల్ని పట్టిచ్చే ఫైలు సాయంత్రం ఐదింటికి వెళ్ళిపోతుంది," అన్నాడు పెద్దాయన.

నత్త కుర్చీలో కదల్లేదు. ఏ పనికీ తొందరపడడని గూఢచారి శాఖలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఈసారి మాత్రం గోడ గడియారం కేసి చూశాడు. శత్రుదేశపు రాయబార కార్యాలయంలో టైపిస్టు వేషంలో ఉన్నది అతని ఒక్కగానొక్క చెల్లెలు.

"ఫైలు రహస్యాలమ్ముకునే ఒక ముఠా దగ్గర, సీలు చేసిన ట్రాన్స్‌మిటర్‌లో ఉంది. చెరపలేం. ఉపగ్రహం నెత్తిమీదికి రాగానే కంప్యూటర్ దాన్ని శత్రుదేశానికి పంపేస్తుంది. ఆ క్షణం దాటితే మళ్ళీ రేపే. ఈలోగా అమ్మాయిని ఇంటికి తెచ్చేస్తాం."

"కంప్యూటర్ పగలగొట్టమంటారా?"

"పగిలితే ఇంకోటి పెడతారు. అప్‌గ్రేడ్ చెయ్. ట్రాన్స్‌మిటర్‌ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ పాతది, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో పనిచెయ్యదు. ముఠాలో ఉన్న మన నెమలి వాళ్ళకి వైరస్ భయం పెట్టింది. వాళ్ళు పిలిచిన టెక్నీషియన్‌వి నువ్వే."

"నెమలి మనదేనా?"

"ఈ నెల మనదే."

"కొత్త సిస్టమ్‌లో ఏవేవి నడవవో చెప్పే కంపాటిబిలిటీ రిపోర్ట్ చదివారా?"

"చదివాన్లే," అన్నాడు పెద్దాయన, గోడకేసి చూస్తూ.

మూడింటికల్లా, అతికించిన మీసంతో, భుజాన సంచితో నత్త ఆ ముఠా భవనంలో ఉన్నాడు. ఆకుపచ్చ పట్టు గౌనులో నెమలి ఎదురొచ్చింది.

"పాతది బాగానే ఉందిగా?" అంది. అది కోడ్.

"బాగున్నన్నాళ్ళూ బాగానే ఉంటుంది."

నెమలి వెంట అతను వెళ్ళిన సర్వర్ గదికి ఇనుప గోడలు, ఒక గాజు కిటికీ, వేలిముద్ర తాళం. కిటికీ అవతలి నడవాలో ముఠా నాయకుడు, గళ్ళకోటు తొడుక్కుని, స్వయంగా కాపలా కాస్తున్నాడు. నత్త అప్‌గ్రేడ్ మొదలుపెట్టాడు. కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. తెర మీద 'ట్రాన్స్‌మిటర్: గుర్తు తెలియని పరికరం' అని కనబడగానే అతని గుండె కుదుటపడింది.

బయటికెళ్దామని నెమలి తలుపు తాళం మీద వేలు పెట్టింది. తలుపు ఉలకలేదు, పలకలేదు. ఏసీ కూడా ఆగిపోయింది. తెర మీద ఇంకో వాక్యం వెలిగింది: 'భవనం తాళాలు, ఏసీ నడిపే ప్రోగ్రామ్ ఈ వర్షన్‌లో నడవదు.'

ఎలుకకు బోను పెట్టబోయి తనే అందులో కూర్చున్నట్టయింది నత్త పని. చేతి వాచీలో రేడియో ఉంది. ఇనుప గోడల మధ్య అది వట్టి వాచీ.

"పాత వర్షన్‌కి వెనక్కి వెళ్ళు!" స్పీకర్‌లో గళ్ళకోటు అరిచాడు. "తలుపూ తెరుచుకుంటుంది, నా ఫైలూ వెళ్తుంది. లేదంటే అక్కడే ఉడికిపోతావ్!"

అరుస్తూనే అతను నడవా చివరి తలుపును రెండు చేతులతో గుంజుతున్నాడు. అదీ కదలడం లేదు.

"మీరూ ఇరుక్కున్నట్టున్నారు," అన్నాడు నత్త.

నాలుగున్నరకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మీసం ఒక పక్క ఊడింది. నెమలి చేతిసంచిలోంచి చిన్న పిస్తోలు తీసింది.

"వెనక్కి వెళ్ళు."

"నువ్వు మా వైపు కదా?"

"నేను ఊపిరాడే వైపు."

నత్త మౌస్ అందుకున్నాడు. అతనికి చావంటే భయమే. కానీ చిన్నప్పుడు హాలు మెట్ల మీద నిలబడి, "నువ్వొచ్చేసరికి సినిమా అయిపోతుంది అన్నయ్యా!" అని ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. పాత వర్షన్ దాచిన ఫోల్డర్ మీద నొక్కాడు. 'శాశ్వతంగా తొలగించాలా?' అని అడిగింది కంప్యూటర్. జీవితంలో మొదటిసారి అతను తొందరపడ్డాడు.

నెమలి పిస్తోలు గురిపెట్టింది. కాల్చలేదు. అతన్ని చంపితే తనను బయటకు తీసేవాడెవడు?

"కంపాటిబిలిటీ మోడ్!" గాజు మీద గుద్దుతూ అరిచాడు గళ్ళకోటు. "పంపే ప్రోగ్రామ్‌కి ఆ మోడ్ పెట్టు! ఇది పాత సిస్టమే అని నమ్ముతుంది!"

నెమలి నత్తను పక్కకు నెట్టి ఆ పని చేసింది. ప్రోగ్రామ్ తెరుచుకుంది! తెర మూల, ఐదింటికి మిగిలిన సెకన్లు తగ్గుతున్నాయి. మూడు... రెండు... ఒకటి...

'పరికరం కనబడలేదు.'

ప్రోగ్రామ్ అయితే నమ్మింది. ట్రాన్స్‌మిటర్‌కి మాత్రం మాయమాటలు చాలవు, అసలు డ్రైవరే కావాలి. ఉపగ్రహం తన దారిన తాను పోయింది. గళ్ళకోటు గోడకు జారగిలబడ్డాడు.

అప్పుడు వెలిగింది నత్తకు. తాళాల ప్రోగ్రామ్ వట్టి వర్షన్ నంబరు చూసే మొరాయించి ఉంటే? దానికి వేషం చాలు. వేషాలు వెయ్యడం తన వృత్తే కదా! అదే మోడ్ పెట్టి, ముందుగా తెర మీద వీధి తలుపూ, నడవా తలుపూ నొక్కాడు. రెండూ తెరుచుకున్నాయి. బయట కాచుకున్న శాఖ మనుషులు గళ్ళకోటును రెక్క పుచ్చుకుని లేపారు. ఆ తర్వాతే సర్వర్ గది తలుపు తీశాడు.

"నేను మొదట్నుంచీ మీ వైపే," అంది నెమలి, పిస్తోలు అప్పగిస్తూ.

చీకటి పడకముందే చెల్లెలు శాఖ ఆఫీసుకు చేరింది. ఊడిన మీసాన్ని చూసి నవ్వింది, అంతలోనే అన్నయ్య భుజం మీద వాలి ఏడ్చేసింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రిపోర్ట్‌లో తాళాల సంగతి కూడా ఉందట. నేను నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేశానయ్యా. సరేగానీ, మన సర్వర్ కూడా అప్‌గ్రేడ్ చెయ్యాలి. ఇప్పుడే మొదలుపెట్టు."

"అలాగే సార్," అన్నాడు నత్త. పెద్దాయన కూర్చోబోతున్న కుర్చీని లాక్కెళ్ళి, గది తలుపు మూసుకోకుండా ముందే అడ్డం పెట్టాడు.