కుట్టుసేనలో మాయమైన సేనాని

పొద్దున్న తొమ్మిదింటికి టైలరమ్మ రొప్పుకుంటూ టీచరమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "మా సేనానిని ఎవరో ఎత్తుకుపోయారండీ!" అంది.

ఫొటోగ్రాఫర్ నవ్వు ఆపుకున్నాడు. టీచరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. బడిలో లెక్కలు చెప్పడం మానేసి డిటెక్టివ్ పనిలో దిగి పదేళ్ళయినా ఆవిడ అందరికీ ఇంకా టీచరమ్మే. ఫొటోగ్రాఫర్ ఆవిడ సహాయకుడు, అంతకుమించి వీరాభిమాని.

పదకొండింటికి టౌన్ హాల్లో బొమ్మసైన్యాల పోటీ. బల్లమీద కొండలూ కోటలూ పేర్చి, పాచికలు వేస్తూ, ఎవరు చేసుకున్న సైన్యాన్ని వాళ్ళు నడుపుతారు. సేనాని లేకపోతే ఆటలోకి రానివ్వరు.

టైలరమ్మ చెప్పుకొచ్చింది: "ఆ సైన్యం చెయ్యడానికి మూడేళ్ళు పట్టిందండీ. సేనాని మొహం మా పాత కుట్టు ఫ్యాక్టరీలో కటింగ్ చేసిన పెద్దక్కది. నాకు కత్తెర పట్టడం నేర్పిన మనిషి. ఆవిడ చెవిమీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. బొమ్మకీ పెట్టాను. దానిమీద శిరస్త్రాణం అతికించేశాను కాబట్టి ఎవరికీ కనబడదు. అయినా పెట్టకుండా ఉండలేకపోయాను."

హాల్లో అద్దాల బీరువా ముందు ఫొటోగ్రాఫర్ వంగి చూశాడు. చిటికెనవేలంత సైనికులు అరవైమంది. చేతుల్లో సూదుల బల్లేలు, బొత్తాల డాళ్ళు, ఒంటిమీద జిప్పు పళ్ళ కవచాలు. ఏ ఇద్దరి మొహాలూ ఒకటి కావు. వెండి జరీ జెండా పట్టుకున్నవాడు క్షేమంగానే ఉన్నాడు. మధ్యలో సేనాని చోటు మాత్రం ఖాళీ.

తాళం పగల్లేదు. టైలరమ్మ కాక తాళంచెవులున్నవాళ్ళు ఇద్దరే.

మొదటివాడు కట్టుడుపళ్ళు చేసే మేస్త్రి, ఆమె ప్రత్యర్థి. అతని సైన్యం అదే బీరువా కింది అరలో ఉంటుంది. "ఆవిణ్ణి ఓడించాలని ఏడాదిగా నిద్రలేదు నాకు. సేనాని లేకపోతే ఎవర్నండీ ఓడించేది?" అని విసుక్కున్నాడు.

రెండో మనిషి హాలు తుడిచే ఆవిడ. బక్కపల్చటి మనిషి.

"సేనాని బొమ్మ ఎప్పుడు చూశావమ్మా?"

"చెవిమీద సుద్దముక్క ఉన్నావిడేనా? నిన్న సాయంత్రం ఉందండీ. తర్వాత నాకు తెలీదు."

టీచరమ్మ తలూపి, బీరువా అద్దం చుట్టూ ఒకసారి వేలితో రాసి చూసింది. వేలికి దుమ్మంటింది. సేనాని చోటుకి ఎదురుగా అరచేయంత మేర మాత్రం అద్దం తళతళలాడుతోంది.

పదిన్నరకి అందర్నీ బీరువా దగ్గరికి పిలిచింది.

"దొంగకి వెండి అక్కర్లేదు, గెలుపూ అక్కర్లేదు. ఆ ఒక్క మొహం కావాలి. అద్దంమీద అక్కడొక్కచోటే రోజూ తుడిచి తుడిచి చూసుకున్న మనిషి ఒకరున్నారు. ఇక సుద్దముక్క. అది శిరస్త్రాణం కింద ఉంది. బొమ్మని చూసినవాళ్ళకి తెలిసే వీల్లేదు. పెద్దక్కని ఎరిగినవాళ్ళకే తెలుసు." గొంతు తగ్గించింది. "ఆవిడ నీకేమవుతుందమ్మా?"

తుడిచే ఆవిడ చేతిసంచీలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన బొమ్మని తీసింది.

"మా అమ్మండీ. ఫొటో ఒక్కటీ లేదు. ఈమధ్య మొహం సరిగ్గా గుర్తురాక భయమేసింది. ఒక్కపూట ఇంట్లో పెట్టుకుందామనుకున్నా. తిరిగి పెట్టడానికి చేతులు రాలేదు."

ఫొటోగ్రాఫర్ తల దించుకున్నాడు. సుద్దముక్క మాట అతనూ చెవులారా విన్నాడు, పట్టించుకోలేదంతే. టీచరమ్మ మీద గౌరవం ఇంకో మెట్టెక్కింది.

టైలరమ్మ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "పెద్దక్క కూతురివా! ఇన్నాళ్ళూ నా ఎదురుగానే తుడుస్తున్నావా! ఆట అయ్యాక ఈ బొమ్మ నీదేనమ్మా. నేను ఇంకోటి చేసుకుంటా. ఆ మొహం నా చేతులు మర్చిపోవు."

"అవతల టైమవుతోంది," అన్నాడు పళ్ళ మేస్త్రి, ముక్కు తుడుచుకుంటూ.

ఆట మధ్యాహ్నందాకా సాగింది. మేస్త్రి తెల్లటి సైన్యం మూడువైపులా కమ్ముకొచ్చేసరికి, సేనానిని కోటలోకి జరుపుదామా అని టైలరమ్మ తటపటాయించింది. పక్కనే కుర్చీలో కూర్చున్న పెద్దక్క కూతురు చెయ్యి చాపి, బొమ్మని జాగ్రత్తగా రెండువేళ్ళతో ముందుకే నడిపింది.

"మా అమ్మ వెనక్కి తగ్గదండీ," అంది.